లూదింగ్ మోసిన నీళ్ళు

మా చేపలబజారు వెనక సందుకు కొళాయి ఒక్కటే. ఇళ్ళు మాత్రం ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి. తెల్లవారకముందే ఆ కొళాయి ముందు డబ్బాలు బారులు తీరేవి. మనుషులు కాదు, డబ్బాలు. డబ్బా పెట్టి ఇంటికెళ్ళి అన్నం వండుకోవచ్చు, చంటివాడికి పాలివ్వచ్చు, మొగుడితో ఒక విడత పోట్లాడి కూడా రావచ్చు. వరసలో డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. డబ్బా లేనివాళ్ళు చెప్పు విడిచి వెళ్ళేవాళ్ళు. ఎవరైనా పక్కవాళ్ళ డబ్బాను కాలితో వెనక్కి జరిపారో, తీబాంగ్ అక్క నోరు లేచేది. కొళాయి పెత్తనం ఆవిడకు ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ ఇల్లు కొళాయికి ఎదురుగా ఉంది, ఆవిడ గొంతు బజారు చివరిదాకా వినిపిస్తుంది. ఇంతకన్నా ఏం అర్హత కావాలి?

ఈ సందులోనే లూదింగ్ ఉండేది. బట్టలు కుట్టేది. మా పిల్లలు బడికి వేసుకెళ్ళే చొక్కాలూ లంగాలూ చాలామటుకు ఆమె మిషను మీద పుట్టినవే. తండ్రి పోయిన దగ్గర్నుంచి ఆ మిషనే ఇల్లు నడిపింది. ఇద్దరు చెల్లెళ్ళకు పెళ్ళి గౌన్లు తనే కుట్టి, తనే తొడిగి, చర్చి మెట్లదాకా తనే గౌను అంచు ఎత్తి పట్టుకుని పంపింది. ఆ పనులన్నీ అయి తలెత్తి చూసేసరికి ముప్పయి ఆరేళ్ళొచ్చాయి. తోటి ఆడపిల్లలందరూ అప్పటికే పిల్లల్ని చంకనేసుకుని కొళాయి దగ్గరికి వస్తున్నారు. లూదింగ్ ఏడుస్తూ కూర్చునే రకం కాదులెండి. ఆమె నోరు ఆమె సూదికన్నా పదును. "పెళ్ళెప్పుడే?" అని అడిగినవాళ్ళ కొలతలు తీసుకునేటప్పుడు నడుము దగ్గర గుండుసూది కొంచెం లోతుగా దిగేదని చెప్పుకుంటారు.

ఇంట్లో ఉండేది ఆమె, వాళ్ళమ్మ కొన్సా, ఇద్దరే. నీళ్ళు తెచ్చే పని కొన్సాది. ఒకరోజు కొళాయి దగ్గర పాచి మీద కాలు జారి ముసలావిడ మోకాలు వాచిపోయింది. సరిగ్గా బడులు తెరిచే రోజులు. లూదింగ్‌కు తల గోక్కోడానికి తీరిక లేదు. అప్పుడు, ఒక తెల్లవారుజామున, వంటింటి గుమ్మం పక్కనున్న వాళ్ళ డ్రమ్ము అంచుదాకా నిండి ఉంది.

నింపినవాడు పాస్యో.

ఇక్కడ మా వాడుక ఒకటి చెప్పాలి. మా ఇలోయిలో ఊరి వైపు మగవాడు ఒక ఆడపిల్లను ఇష్టపడితే నోటితో చెప్పడు. వాళ్ళింటికి చాకిరీకి దిగుతాడు. ఎవరూ పిలవకుండానే వెళ్ళి కట్టెలు కొడతాడు, నీళ్ళు నింపుతాడు. దీన్ని పంగాగద్ అంటాం. ఆ ఇంటివాళ్ళు రమ్మనరు, పొమ్మనరు. చూస్తూ ఊరుకుంటారు. మా తాతలు, తండ్రులు అందరూ ఇలా నీళ్ళు మోసి ఇంటివాళ్ళయినవాళ్ళే. కుర్రాడు నచ్చకపోతే ఆ ముక్క కూడా నోటితో అనరు, డ్రమ్ము బోర్లిస్తారు. తెల్లవారి వచ్చినవాడు బోర్లించిన డ్రమ్ము చూసి, కావడి ఎత్తుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోతాడు. ఎందుకని అడగడు, మళ్ళీ ఆ గుమ్మం వైపు చూడడు. మాటా మాటా అనుకుని మొహాలు మాడ్చుకోవడం కన్నా అదే మర్యాద అని మా పెద్దల ఉద్దేశం.

మరి లూదింగ్ డ్రమ్ము నిండితే సందంతా ఎగిరి గంతెయ్యాలి కదా? అక్కడే వచ్చింది చిక్కు. పాస్యో పనే నీళ్ళు మోయడం! భుజాన వెదురు కావడి, అటొక కిరసనాయిలు డబ్బా, ఇటొక కిరసనాయిలు డబ్బా. సందులో సగం ఇళ్ళకు కూలికి నీళ్ళు పోసేది అతనే. జాలరివాడు నీళ్ళు మోస్తే మనసు పడ్డాడని అర్థం. బండి తోలేవాడు మోస్తే మనసు పడ్డాడని అర్థం. నీళ్ళు మోసేవాడే నీళ్ళు మోస్తే ఏమని అర్థం చేసుకోవాలి?

పోనీ మనిషిని చూసి కనిపెడదామా అంటే, పాస్యో బెల్లం కొట్టిన రాయి. నలభై దగ్గరపడ్డవాడు, సముద్రపు ఒడ్డున తాటాకు గుడిసెలో తండ్రితో ఉంటాడు. మంచివాడని అందరికీ తెలుసు గానీ, అతని గొంతు ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. కొన్సా కూలి ఇవ్వబోతే "ఉండనివ్వండమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాలేదు. నీళ్ళు మాత్రం రోజూ వచ్చాయి.

లూదింగ్ మొదట్లో మిషను దగ్గర్నుంచి లేచేది కాదు. పోనుపోను, కావడి కిర్రుమన్న చప్పుడు వినిపించేసరికి ఏదో వంకతో గుమ్మంలోకి వచ్చేది.

"ఇవాళ ఎండ గట్టిగా కాసేలా ఉంది," అనేది.

"ఆఁ."

"వాన కూడా పడొచ్చు."

"ఆఁ."

"ఎండా వానా రెండూ ఎలా వస్తాయండీ?"

పాస్యో ఆకాశం వైపు చూసి, కాసేపు ఆలోచించి, "రావచ్చు," అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని లూదింగ్ ఆ రోజంతా నవ్వుకుంటూ కుట్టేది. ఒకసారి అతను డ్రమ్ములో దుమ్ము పడకుండా చెక్కమూత చేసి తెచ్చాడు. లూదింగ్ మిగిలిన ముక్కలన్నీ కలిపి ఒత్తుగా ఒక మెత్త కుట్టి, "భుజానికి వేసుకోండి, ఒరుసుకుంటోంది," అని అతని చేతిలో పెట్టి, మొహం చూడకుండా లోపలికి పారిపోయింది.

మర్నాడు కొళాయి దగ్గర తీబాంగ్ అక్క ఊరుకుంటుందా?

"ఏరా పాస్యో, భుజం మీద ఆ పువ్వుల గుడ్డ ఎక్కడిదిరా? నిన్నటిదాకా గోనెముక్కే కదా?"

పాస్యో చెవులు ఎర్రబడ్డాయి. డబ్బాలోకి చూశాడు, ఆకాశంలోకి చూశాడు.

"చెప్పడేం! చూడండర్రా వీణ్ణి. మోసేది నీళ్ళే, నమిలేదీ నీళ్ళే!"

కొళాయి దగ్గరున్న ఆడవాళ్ళందరూ పడీపడీ నవ్వారు. పాస్యో కూడా నవ్వాడు గానీ అవుననలేదు, కాదనలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర కొన్సా అంది, "ఇందాయ్, నువ్వే ఒకసారి అడగరాదూ, అతని మనసులో ఏముందో?" మా వైపు ఆడపిల్లను ముద్దుగా ఇందాయ్ అంటాం, ఆ ఆడపిల్లకు ఎన్నేళ్ళొచ్చినా సరే.

"అడిగితే ఏమంటాడమ్మా? 'అయ్యో, మీ అమ్మగారి మోకాలు చూసి జాలిపడ్డానండీ' అంటాడు. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఎండుచేప కంచం కింద దాచుకోనా?"

"అడక్కపోతే ఎలా తెలుస్తుందే?"

"తెలియకపోతే రేపు కూడా వస్తాడు. అది చాల్లే."

అలా అనేసి కంచం తీసుకుని లేచిపోయింది. చాలదని ఆమెకూ తెలుసు. ఆ వయసులో, అంత గడుసుతనం పెట్టుకుని, ఒక మూగమొద్దు కావడి చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకోవడం ఆమెకే సిగ్గుగా ఉండేది. అయినా పడుకునేది.

ఇంతలో ఉరుము లేని పిడుగులా కబురొచ్చింది. ఇంటింటికీ కొళాయిలు వేస్తారట! సందంతా పండగ. తీబాంగ్ అక్క ఒక్కతే, "ఇక నేను ఎవరి మీద అరవాలర్రా?" అని దిగులుపడింది గానీ ఆవిడ కూడా అర్జీ పెట్టింది. కొన్సా అయితే మోకాలు పట్టుకుని మరీ నాట్యం చేసినంత పని చేసింది. గొట్టాలు త్వరగా రావాలని మా ఆడవాళ్ళు చర్చిలో కాండెలారియా మాతకు కొవ్వొత్తులు మొక్కుకున్నారు. లూదింగ్ కూడా వెళ్ళి ఒక కొవ్వొత్తి వెలిగించింది. గొట్టాలు రాకూడదని. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే ఇదే మరి. వెలిగించాక భయమేసి, "తల్లీ, మా అమ్మ మోకాలు గుర్తుంచుకో, నా మాట పట్టించుకోకు," అని లెంపలు వేసుకుని వచ్చింది.

మాత రెండో మాటే విన్నది. గొట్టాలు వచ్చాయి.

పాదిరి వచ్చి ప్రార్థన చదివాడు. కొళాయి తిప్పితే ముందు బుస్సుమని గాలి, తర్వాత కాఫీ రంగు నీళ్ళు, ఆ తర్వాత తేటనీళ్ళు. పిల్లలు బట్టలతోనే తడిసి ముద్దయ్యారు. పాస్యో ఖాళీ కావడితో సందు మొగలో నిలబడి చూశాడు. అతనికి ఐసు కర్మాగారంలో పని కుదిరిందని, ఇక రోజూ మధ్యాహ్నం పూట అక్కడికి వెళ్తాడని అప్పటికే అందరికీ తెలుసు. లూదింగ్ గుమ్మంలోంచి అతన్నే చూసింది. అతను తలూపి వెళ్ళిపోయాడు. నీళ్ళ గొడవ తీరింది, ఇక మా గుమ్మంలో అతనికేం పని అనుకుంది. సందులో అంత నవ్వు వినిపిస్తుంటే లోపలికి వెళ్ళి, ఎవరిదో లంగా అంచు ఊరికే విప్పి మళ్ళీ కుట్టింది.

మర్నాడు పొద్దున కళ్ళు తెరిచేసరికి తెల్లగా తెల్లారింది. కావడి చప్పుడు వినలేదు. ఇక వినబోనని తెలిసి తెల్లవారుజామున ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. లేచి, మొహం కడుక్కుందామని వంటింటి తలుపు తీసింది. అక్కడే ఆగిపోయింది.

డ్రమ్ము బోర్లించి ఉంది.

డ్రమ్ము పక్కన పొడినేల మీద చదరంగా రెండు తడి మచ్చలు. రెండు డబ్బాలు దించి, కాసేపు నిలబడి, మళ్ళీ ఎత్తుకున్న గుర్తులు. అక్కణ్ణుంచి సందు మలుపుదాకా చుక్కలు చుక్కలుగా నీళ్ళు ఒలికి ఉన్నాయి. పాస్యో కావడిలోంచి ఒక్క చుక్క ఒలకడం మా సందులో ఎవరూ ఎరగరు.

లూదింగ్‌కు ఒక్క క్షణం ఒళ్ళంతా సంతోషంతో ఝల్లుమంది. వచ్చాడు! ఇంట్లో కొళాయి ఉందని కళ్ళారా చూసి కూడా వచ్చాడు! కూలికి కాదు, జాలికి కాదు. ఇన్నాళ్ళూ అడగలేకపోయిన ప్రశ్నకు జవాబు తెచ్చి గుమ్మంలో దించాడు. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. దించినవాడికి కనిపించింది ఏమిటి? బోర్లించిన డ్రమ్ము.

"అమ్మా! ఈ డ్రమ్ము ఎవరు బోర్లించారు?"

కొన్సా కుంటుకుంటూ వచ్చింది. "నేనేనే. నీళ్ళు నిలవుంటే దోమలొస్తాయని ఆ గొట్టాలబ్బాయి చెప్పాడుగా. నిన్న సాయంత్రం కడిగి..."

"కడిగి?"

"కడిగి ఆరబెట్టా..." అంటూనే ముసలావిడ నేల మీది తడి మచ్చలు చూసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓరి దేవుడా! కొళాయి వచ్చాక ఇంకా నీళ్ళెందుకు తెస్తాడనుకున్నానే తల్లీ!"

"దోమలకు భయపడి అల్లుణ్ణి తరిమేశావు కదే అమ్మా!"

అనేసింది. అల్లుడనే మాట తన నోట్లోంచి అంత తేలిగ్గా ఊడిపడినందుకు తనే నాలిక కరుచుకుంది. కొన్సాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఉండు, నేను వెళ్ళి చెప్తా, నాదే తప్పని," అని చెప్పుల కోసం వెతుక్కుంది.

"నువ్వేం చెప్తావ్? మా డ్రమ్ము పొరపాటున తిరగబడిందనా? ఎవరు నమ్ముతారు? మర్యాదకు అబద్ధం చెప్తున్నారనుకుంటాడు."

నిజమే. బోర్లించిన డ్రమ్ముకు మా దగ్గర సంజాయిషీ లేదు. దాన్ని మళ్ళీ నిలబెట్టినా లాభం లేదు, ఆ మనిషి ఇటు చూస్తేగా! పైగా పాస్యో మాటలు నమ్ముకుని బతికినవాడు కాదు. లూదింగ్ కాసేపు కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ మిషనుకూ మధ్య తిరిగింది. తర్వాత నడుముకు తుండు బిగించి, మూలనున్న పాత డబ్బాలు రెండూ అందుకుని, గబగబా వీధి కొళాయి దగ్గరికి నడిచింది.

గొట్టాలు సముద్రపు ఒడ్డు గుడిసెలదాకా వెళ్ళలేదు, అందుకని కొళాయి దగ్గర కాస్త వరస ఇంకా ఉంది. తీబాంగ్ అక్క అలవాటు మానలేక అక్కడే కూర్చుని ఉంది.

"ఏమే లూదింగ్, నిన్ననేగా కొళాయి పెట్టించుకున్నావు? అప్పుడే ఎండిపోయిందా?"

"మా ఇంటికి కాదులే అక్కా."

"మరెవరింటికి?"

లూదింగ్ డబ్బాలు నింపి ఎత్తింది. కుట్టు చేతులు, మోత అలవాటు లేదు. నాలుగడుగులకే లంగా మోకాళ్ళదాకా తడిసింది. తీబాంగ్ అక్క కళ్ళు ఆమె వెంటే వెళ్ళాయి. ఆమె ఇంటివైపు తిరగలేదు. బజారు వైపు తిరగలేదు. సముద్రం వైపు తిరిగింది. తీబాంగ్ అక్క గభాల్న లేచి నిలబడింది.

"ఒసేయ్, ఒసేయ్, రండర్రా! లూదింగ్ పంగాగద్‌కు దిగింది! ఆడది మగవాడింటికి నీళ్ళు మోస్తోంది!"

ఇక చూడండి సంబరం. సబ్బు చేతులతో ఉన్నవాళ్ళు సబ్బు చేతులతోనే వచ్చారు. మా సందు పుట్టాక ఆడపిల్ల ఇలా నీళ్ళు మోసింది లేదు. "డబ్బాలో నీళ్ళు కాస్త దారికి కూడా మిగల్చవే!" అని ఒకరు, "గుడిసెదాకా చేరేది డబ్బాలేనా?" అని ఇంకొకరు. లూదింగ్ మొహం మందారంలా కందిపోయింది. అయినా తల వంచలేదు. "చూసింది చాల్లే, మీ అన్నాలు మాడుతున్నాయి పొండి!" అని కసిరి నడిచింది.

గుడిసె ముందు పాస్యో తండ్రి పీదోంగ్ తాత వల బాగుచేసుకుంటున్నాడు. లూదింగ్‌ను చూశాడు, డబ్బాలను చూశాడు, వెనకాల దూరంగా ఆగిన ఆడవాళ్ళ గుంపును చూశాడు. ముసలాయన గట్టివాడు. పొద్దున్నే కొడుకు నిండు డబ్బాలతో వెనక్కొచ్చి, ఆ నీళ్ళు ఇసకలో పారబోసి, గుడిసె వెనకవైపు వెళ్ళి కూర్చున్నాడు. ఎందుకో ఆయన అడగలేదు. ఇప్పుడు అడగాల్సిన అవసరమే లేకపోయింది.

"ఏం పనమ్మా?"

"నీళ్ళు, తాతా."

"నేను తెమ్మనలేదే."

"ఎవరూ తెమ్మనరు. తెలుసు."

ముసలాయన మీసాల్లో నవ్వు దాచుకున్నాడు. గుమ్మంలో ఉన్న మట్టిబాన చూపించాడు. లూదింగ్ రెండు డబ్బాలూ ఒంపింది. అడుగు తడిసింది, అంతే. తాత వంగి లోపలికి చూసి పెదవి విరిచాడు.

"అమ్మాయ్, మా వాడు ఒక్కగానొక్కడు. సగం బానకు ఇచ్చేది లేదు."

"నిండు బానకేగా?"

"అంచుదాకా. పైనుంచి పొర్లాలి."

"పొర్లుతుంది," అని లూదింగ్ ఖాళీ డబ్బాలు విసురుగా ఎత్తుకుంది.

ఆ చప్పుడుకు గుడిసె వెనకనుంచి పాస్యో వచ్చాడు. తడిసి ముద్దయిన లూదింగ్‌ను చూసి మాన్పడిపోయాడు. చప్పున వచ్చి డబ్బాలు అందుకోబోయాడు. లూదింగ్ చేతులు వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోవద్దు. ఇవి నేను మొయ్యాల్సినవి."

"డ్రమ్ము..." అన్నాడు పాస్యో. 

"దోమలొస్తాయని మా అమ్మ బోర్లించింది. నన్నడిగి కాదు. నన్నడిగితే, దోమలు కుట్టి చచ్చినా ఆ డ్రమ్ము బోర్లించేదాన్ని కాదు. అర్థమైందా? ఇక పక్కకు జరగండి, బాన నిండలేదు."

ఆమె వెళ్ళింది. పాస్యో పీదోంగ్ తాత పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి అతను ఎన్నో ఇళ్ళకు నీళ్ళు మోశాడు. తన గుమ్మానికి ఇంకొక మనిషి నీళ్ళు మోసుకురావడం ఇంతవరకూ చూడలేదు. లూదింగ్ ఒక పక్కకు ఒరిగిపోతూ, నీళ్ళు చిందిస్తూ, దారి పొడుగునా వేళాకోళాలకు ఎదురుజవాబులు చెబుతూ వస్తుంటే, అతనికి ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ముసలాయన చూసి చూడనట్టు వల ముడులు వేసుకున్నాడు. ఆమె వచ్చింది, ఒంపింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. పొద్దు బాగా ఎక్కింది. ఒడ్డున ఆడవాళ్ళ ఎగతాళి ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు. తీబాంగ్ అక్క ముక్కు చీదిన చప్పుడు మాత్రం అందరికీ వినిపించింది.

చివరి డబ్బా ఒంపేసరికి బాన పొర్లి నీళ్ళు ఇసకలోకి జారాయి. లూదింగ్ ఆయాసపడుతూ గోడ పట్టుకుంది. పీదోంగ్ తాత లేచి, బాన అంచు మీద చెయ్యి వేసి, తడి అరచేతిని చూసుకుని, కొడుకు వైపు తిరిగాడు.

"ఏరా, ఇంకా చూస్తూ కూర్చుంటావేరా మొద్దూ? లే! లోపల్నుంచి పీట తెచ్చి అమ్మాయికి వెయ్యి."